డిబేట్ చూసినోళ్ళంతా "మనోడు ఇరగదీశాడు" అన్నారు, మరి ఓట్లెందుకు రాలేదు?

మీ ప్రశ్న ఏంటంటే, 2023 ఆగస్టు 23న మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీ (ప్రెసిడెంట్ క్యాండిడేట్‌ని పార్టీ ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) డిబేట్ చూశాక మీ బంధువులు, ఫ్రెండ్స్, యూట్యూబ్ కామెంట్లు అన్నీ మన ఇండియన్ మూలాలున్న వివేక్ రామస్వామి చింపేశాడనో నిక్కీ హేలీ తోమేసిందనో అన్నాయి, అయిదు నెలలు తిరక్కుండానే వివేక్ అందరికంటే ముందు ఓటేసిన అయోవా రాష్ట్రంలో 7.7 శాతంతో నాలుగో స్థానంలో ఆగిపోయి ఆ రాత్రే తప్పుకున్నాడు, కాబట్టి ఈ వ్యూయర్ రియాక్షన్లకి అసలు విలువ ఉందా లేదా, 2028కి ఏది చూసి నమ్మాలి అని. నేను ఇక్కడ అమెరికాలో సర్వే డేటా పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, డిబేట్ నైట్ ఫోకస్ గ్రూపులకి కూడా పనిచేశాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

విలువ ఉంది. కాకపోతే "ఎవరు గెలిచారు" అనే ప్రశ్నకి జనం చెప్పే జవాబుకీ, "ఎవరికి వేస్తావు" అనే దానికీ మధ్య పెద్ద గొయ్యి ఉంది, మనందరం మొదటిది విని రెండోది ఊహించేసుకుంటాం. బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చినోడి టాక్ విని రెండో వారం కలెక్షన్లు చెప్పేయడం లాంటిదే ఇది, ఆ టాక్ అబద్ధం కాదు, ఆ హాల్లో ఉన్నోళ్ళకి అది నిజమే.

ముందు ఆ రాత్రి సంగతి. స్టేజి మీద ఎనిమిది మంది, డిశాంటిస్, వివేక్, పెన్స్, హేలీ, క్రిస్టీ, టిమ్ స్కాట్, ఏసా హచిన్సన్, డగ్ బర్గమ్. ట్రంప్ రాలేదు. స్టేజి ఎక్కాలంటే పార్టీ పెట్టిన రూలు కనీసం 40,000 మంది డోనర్లు ఉండాలి, పోల్స్‌లో ఒక శాతమైనా కనపడాలి, చివరికి ఎవరు నెగ్గినా వాళ్ళకే సపోర్ట్ చేస్తానని సంతకం పెట్టాలి. బర్గమ్ గారైతే ఆ డోనర్ల లెక్క కోసం ఒక్క డాలర్ ఇస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఎదురిచ్చాడు, మన దగ్గర ఓటుకి నోటు అంటాం గానీ అక్కడ డొనేషన్‌కే నోటు. అంత కష్టపడి చోటు తెచ్చుకుని డిబేట్ ముందు రోజు బాస్కెట్‌బాల్ ఆడి కాలి నరం తెంపుకున్నాడు పాపం, ఒంటికాలి మీద నిలబడి మాట్లాడాడు, అయినా మర్నాటికి ఎవరికీ గుర్తులేడు.

టీవీ రేటింగులు లెక్కగట్టే నీల్సన్ కంపెనీ ప్రకారం ఆ రాత్రి టీవీలో చూసింది దాదాపు 1.28 కోట్ల మంది. ఎనిమిదేళ్ళ ముందు 2015 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌లో ట్రంప్ ఉన్న మొదటి డిబేట్‌ని 2.4 కోట్ల మంది చూశారు. అంటే ఆయన లేకపోతే జనం సగానికి సగం అవుట్. డిబేట్ మొదలవడానికి అయిదు నిమిషాల ముందు ట్రంప్, మాజీ ఫాక్స్ యాంకర్ టక్కర్ కార్ల్‌సన్‌తో చేసిన ఇంటర్వ్యూ ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెట్టించారు, దాని కింద వ్యూస్ కౌంటర్ 20 కోట్లు దాటేసింది, ఇక మన వాట్సాప్ పండితులు "చూశారా 20 కోట్లు వర్సెస్ ఒక కోటి" అని మొదలెట్టారు. ఆ రెండూ ఒకే కొలత కాదండి. నీల్సన్ లెక్క నిమిషానికి సగటున ఎంతమంది టీవీ ముందు ఉన్నారు అని, ఎక్స్‌లో వ్యూ అంటే మీ వేలు స్క్రోల్ చేస్తుంటే ఆ పోస్ట్ తెర మీదకి వచ్చి పోయినా ఒకటే, అదే మనిషి నాలుగుసార్లు స్క్రోల్ చేస్తే నాలుగు. పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, అయినా పోల్చారు, పోలుస్తారు.

ఇప్పుడు అసలు రియాక్షన్ల దగ్గరికి. వాషింగ్టన్ పోస్ట్, ఫైవ్‌థర్టీఎయిట్, ఇప్సోస్ కలిసి ఒక పోల్ చేశాయి, డిబేట్ ముందు అడిగినవాళ్ళనే డిబేట్ తర్వాత మళ్ళీ అడిగారు, నా దృష్టిలో ఇలాంటి పోల్ ఒక్కటి వంద యూట్యూబ్ పోల్స్‌కి సమానం. చూసిన రిపబ్లికన్ ఓటర్లలో డిశాంటిస్ బాగా చేశాడన్నవాళ్ళు 29 శాతం, వివేక్ అన్నవాళ్ళు 26, హేలీ అన్నవాళ్ళు 15. మీరు ఆ వారం విన్న తెలుగు కబుర్లలో డిశాంటిస్ పేరు ఎన్నిసార్లు వచ్చింది చెప్పండి? దాదాపు లేదు కదా. కానీ పార్టీ ఓటర్ల లెక్కలో మొదట ఉన్నది ఆయనే, ఎందుకంటే డిబేట్‌కి ముందే ఆయనంటే ఇష్టం ఉన్నోళ్ళు ఎక్కువమంది, ఇష్టం ఉన్నోడు పెద్దగా తప్పు చేయకపోతే చాలు "మావాడే గెలిచాడు" అంటారు. ఈ ప్రశ్నకి వచ్చే జవాబులో చాలావరకు పాత అభిమానమే ఉంటుంది, ఆ రాత్రి జరిగింది మిగతాది.

అదే పోల్‌లో ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. "వీళ్ళలో ఎవరెవరికి ఓటెయ్యడం గురించి ఆలోచిస్తారు" అని, ఎంతమందినైనా చెప్పొచ్చు. హేలీ విషయంలో అది 30 శాతం దగ్గర్నుంచి 47 దగ్గరికి వెళ్ళింది. గెలిచింది ఎవరు అంటే మూడో స్థానం, కానీ తలుపు తెరిచింది మాత్రం ఆవిడకే. తర్వాత నాలుగు నెలల్లో జరిగింది కూడా అదే, జాతీయ పోల్స్‌లో నాలుగైదు శాతం దగ్గర కొట్టుకుంటున్న మనిషి డిసెంబర్‌కి పది దాటింది, నవంబర్ చివర్లో బిలియనీర్ కోచ్ కుటుంబం వెనకున్న అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ యాక్షన్ అనే సంస్థ ఆవిడకి సపోర్ట్ ప్రకటించింది, చివరికి ట్రంప్‌కి ఎదురు మిగిలిన ఒకే ఒక్క క్యాండిడేట్ ఆవిడే అయింది. మరి వివేక్? నచ్చినవాళ్ళు పెరిగారు, నచ్చనివాళ్ళు అంతకంటే వేగంగా పెరిగారు. అప్పటిదాకా చాలామందికి ఆయనెవరో తెలీదు, రెండు గంటల్లో తెలిసింది, తెలిసినవాళ్ళలో కొంతమందికి ఒళ్ళు మండింది. మీ ఫ్రెండ్స్ చూసింది మొదటి సగమే.

ఇది ఎందుకలా అవుతుందో డయల్ గ్రూపులో కూర్చుంటే కళ్ళకి కడుతుంది. ఒక గదిలో పాతిక ముప్ఫై మందిని కూర్చోబెడతారు, పార్టీ ఓటర్లే, ఇంకా గట్టిగా డిసైడ్ కానివాళ్ళు ఎక్కువ ఉండేలా ఏరుతారు, చేతికి రిమోట్ లాంటి చిన్న డబ్బా, దాని మీద తిప్పే చక్రం, సున్నా నుంచి వంద, అందరూ యాభై దగ్గర మొదలు. వింటున్నది నచ్చితే పైకి తిప్పడం, నచ్చకపోతే కిందికి, అంతే. మేం అద్దం వెనకాల ఇంకో గదిలో చల్లారిపోయిన శాండ్‌విచ్‌లు తింటూ తెర మీద గీతలు చూస్తుంటాం. అక్కడ ప్రతిసారీ కనిపించేది ఏంటంటే, క్యాండిడేట్ తన ఊరు, తన అమ్మానాన్న, తను చేసిన పని చెప్పినప్పుడు గీత మెల్లగా లేస్తుంది, బోర్డర్, ధరలు, స్కూళ్ళు లాంటి పార్టీ జనం ఇష్టపడే మాటలు రాగానే పైకెళ్తుంది, పక్కవాడి మీద పడి కరవడం మొదలెట్టగానే గీత దిగుతుంది. కొట్టినవాడి గీతే దిగుతుంది. గదిలో నవ్వులు వినిపిస్తుంటాయి, ఎవడో "ఊఊ" అంటాడు, చెయ్యి మాత్రం చక్రాన్ని కిందికి తిప్పుతుంటుంది.

కానీ మర్నాడు పొద్దున మీ ఫోన్‌కి వచ్చే క్లిప్ ఏది? ఆ కరిచిన ముక్కే. క్రిస్టీ వివేక్‌ని పట్టుకుని ఛాట్‌జీపీటీలా మాట్లాడే మనిషి అన్నది, హేలీ "నీకు విదేశాంగ విషయాల్లో అనుభవం లేదు, అది కనపడిపోతోంది" అన్నది, ఆ తర్వాత సిమీ వ్యాలీలో రెండో డిబేట్‌లో "నువ్వు మాట్లాడిన ప్రతిసారీ నా తెలివి కాస్త తగ్గినట్టుంటుంది" అన్నది, మయామీలో మూడో డిబేట్‌లో టిక్‌టాక్ గొడవలో తన కూతురి పేరు తెచ్చినందుకు "నువ్వొట్టి నీచుడివి" అన్నది. పోయినేడాది నన్ను ఒకాయన అడిగాడు, ఇన్ని తిట్లు తిట్టుకున్నారు కదా ఎవరికి లాభం అని, ఎవరికీ కాదండి, రాని ఆయనకి లాభం. డయల్ పడిపోయే చోటే క్లిప్ పుడుతుంది, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సోషల్ మీడియా రియాక్షనూ ఓటరు రియాక్షనూ ఎందుకు ఎదురెదురుగా ఉంటాయో సగం అర్థమైపోతుంది.

మనవాళ్ళకి ఇది ఇంకా కష్టం. మన దగ్గర పార్టీ లోపల ప్రైమరీ అనేది లేదు కదా, 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ సీట్లలో ఒకసారి ప్రయోగం చేసి వదిలేసింది, మిగతాదంతా హైకమాండ్ ఎవరి చేతిలో బి ఫారం పెడితే వాడే క్యాండిడేట్. డిబేట్ అంటే మనకి తెలిసింది రాత్రి న్యూస్ ఛానల్లో రెండు పార్టీల స్పోక్స్‌పర్సన్లు గొంతు చించుకోవడం, అందులో మనం మార్కులు వేసేది ఒకటే, అవతలోడి నోరు మూయించాడా లేదా. ఆ కొలబద్ద తీసుకెళ్ళి ప్రైమరీ డిబేట్‌కి పెడితే వివేకే ఫస్టు, అనుమానం లేదు. అయోవాలో ఉన్న రిపబ్లికన్ ఓటరు అలా చూడడు, స్టేజి మీద ఉన్న ఎనిమిది మందీ అతని పార్టీవాళ్ళే, రేపు వీళ్ళలో ఎవరికైనా నవంబర్‌లో ఓటెయ్యాల్సి రావచ్చు, అందుకని ఎవరు ఎవర్ని తొక్కారు అన్నదానికన్నా వీళ్ళలో బైడెన్‌ని ఓడించేదెవరు, నా మాట వినేదెవరు అని చూస్తాడు. పార్టీ ఒకటే అయినప్పుడు గుర్తు చూసి ఓటెయ్యడం కుదరదు, అందుకే జనరల్ ఎలక్షన్ డిబేట్లకంటే ప్రైమరీ డిబేట్లలో జనం అభిప్రాయం మారడం ఎక్కువ, మారినంత తేలిగ్గా మళ్ళీ జారిపోవడం కూడా ఎక్కువే.

ఇంకో సంగతి మనవాళ్ళ గురించే. ఆ రాత్రి మా న్యూజెర్సీ తెలుగు గ్రూపులో మెసేజ్‌లు ఆగలేదు, "మనోడు కుమ్మేస్తున్నాడు", "పాలక్కాడ్ బ్లడ్ అంటే ఊరికే కాదు", "నిక్కీ ఆంటీ గట్టిది రా, అమృత్‌సర్ వాళ్ళమ్మాయి కదా", మధ్యలో ఎవరో వీసా పాలసీ గురించి అడిగితే వాడి మీద అందరూ పడటం. బానే ఉంది, నేనూ నవ్వుకున్నాను. కానీ ఆ గ్రూపులో సగం మంది హెచ్‌వన్‌బీ మీదో గ్రీన్‌కార్డ్ మీదో ఉన్నవాళ్ళు, వాళ్ళకి ఓటే లేదు. సిటిజన్లలో చాలామంది డెమోక్రాట్లుగా రిజిస్టర్ అయి ఉంటారు, న్యూజెర్సీలో వాళ్ళు రిపబ్లికన్ ప్రైమరీలో ఓటెయ్యలేరు. మిగిలిన గుప్పెడు మంది వెయ్యాలన్నా ఇక్కడి ప్రైమరీ 2024 జూన్ 4న, ట్రంప్‌కి పార్టీ టికెట్ కోసం కావాల్సిన డెలిగేట్లు (రాష్ట్రాల నుంచి వచ్చే పార్టీ ప్రతినిధులు) మార్చి 12 నాటికే వచ్చేశాయి. అంటే ఆ రియాక్షన్లన్నీ, నాతో సహా, ఓటుతో సంబంధం లేని జనం రియాక్షన్లు. తిట్టడం లేదు, డిబేట్ చూసి ఎంజాయ్ చెయ్యడానికి ఓటుండక్కర్లేదు. దాన్ని తీసుకెళ్ళి అయోవా రైతుకి అంటగడితేనే ఇబ్బంది.

ఇక ఆన్‌లైన్ పోల్స్. ఇవి నమ్మకండి, ఒక్కటి కూడా. 2007లో ఫాక్స్ న్యూస్ వాళ్ళు డిబేట్ల తర్వాత ఎస్సెమ్మెస్ ఓటింగ్ పెడితే పోటీలో ఉన్న రాన్ పాల్ మొదటి స్థానంలో వచ్చాడు, ఆ ఛానల్ యాంకర్లకే మింగుడు పడలేదు. 2008 ప్రైమరీల్లో ఆయన ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. ఆయన ఫ్యాన్స్ నిజమైన మనుషులే, దొంగ ఓట్లు అక్కర్లేదు, పని మానుకుని ఫోన్ తీసి మెసేజ్ కొట్టేంత పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరికి ఎక్కువ ఉన్నారో వాడే గెలుస్తాడు అందులో. ఎంత గాఢంగా ఇష్టపడుతున్నారో తెలుస్తుంది, ఎంతమంది ఇష్టపడుతున్నారో తెలీదు. గూగుల్‌లో ఎవరి కోసం ఎక్కువ వెతికారు, డిబేట్ అయ్యాక గంటల్లో ఎంత డొనేషన్ వచ్చింది లాంటివి కూడా ఇదే జాతి, వివేక్ టీమ్ మొదటి కొన్ని గంటల్లోనే నాలుగున్నర లక్షల డాలర్లు వచ్చాయని చెప్పుకుంది. గూగుల్‌లో జనం వెతికేది "ఎవడీ మనిషి" అని కూడా కదా.

హాల్లో చప్పట్లు, అరుపులు కూడా అంతే. ఆ సీట్ల టికెట్లు పార్టీ, క్యాంపెయిన్లు, డోనర్లు పంచుకుంటారు, ఊళ్ళో జనం వచ్చి కూర్చునేది కాదు. 2016 ఫిబ్రవరి 13న సౌత్ కరోలినా గ్రీన్‌విల్‌లో ట్రంప్ ఇరాక్ యుద్ధం తప్పనీ, ట్విన్ టవర్లు కూలింది జార్జ్ డబ్ల్యూ బుష్ ప్రెసిడెంట్‌గా ఉండగానే అనీ అన్నప్పుడు హాలంతా గోల గోలగా బూ కొట్టింది, ఆ రాష్ట్రంలో మిలిటరీ కుటుంబాలు ఎక్కువ, బుష్‌లంటే గౌరవం, ఇక ఈయన పని అయిపోయిందని టీవీలో పెద్దపెద్దవాళ్ళు చెప్పారు. సరిగ్గా వారం తర్వాత 32.5 శాతంతో సౌత్ కరోలినా గెలిచాడు, పోటీలో ఉన్న ఆ బుష్ తమ్ముడు జెబ్ బుష్ ఆ రాత్రే ఇంటికెళ్ళిపోయాడు. మిల్వాకీలో అదే రివర్సు, ట్రంప్‌ని విమర్శించిన క్రిస్టీనీ హచిన్సన్‌నీ బూ కొట్టారు, డిబేట్ నడుపుతున్న బ్రెట్ బేయర్ వెనక్కి తిరిగి జనానికి సర్దిచెప్పాల్సొచ్చింది. అక్కడ మాత్రం హాలూ పార్టీ ఓటరూ ఒకే వైపు ఉన్నారు. అందుకని బూ వినపడితే అర్థం ఇదీ అని చెప్పే సూత్రం ఏమీ లేదు.

సరే, మరి రియాక్షన్ నిజంగా ఓటుగా మారిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. వాటన్నిటిలో నాకు కనిపించేది ఒకటే, ఓటుకి ఎంత దగ్గర్లో జరిగింది అన్నది. 1980 ఫిబ్రవరి 23, న్యూహాంప్‌షైర్‌లో నాషువా. రీగన్, బుష్ సీనియర్ ఇద్దరి మధ్యే డిబేట్ అనుకున్నారు, ఖర్చు రీగన్ క్యాంపెయిన్ పెట్టుకుంది, ఆయన మిగతా క్యాండిడేట్లని కూడా స్టేజి మీదకి తీసుకొచ్చాడు, నడిపిస్తున్న ఎడిటర్ జాన్ బ్రీన్ ఆయన మైక్ కట్ చెయ్యమన్నాడు, రీగన్ మైక్ పట్టుకుని "ఈ మైక్‌కి డబ్బు కడుతున్నది నేను, మిస్టర్ గ్రీన్" అని గర్జించాడు. పేరు తప్పు చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు, బుష్ బొమ్మలా కూర్చుండిపోయాడు. మూడు రోజుల తర్వాత పోలింగ్, రీగన్‌కి దాదాపు సగం ఓట్లు, బుష్‌కి అందులో సగం. కబురు చల్లారేలోపే ఓటు పడిపోయింది.

రిపబ్లికన్ క్యాండిడేట్ మార్కో రూబియోది కూడా న్యూహాంప్‌షైరే, 2016 ఫిబ్రవరి 6. అయోవాలో మూడో స్థానం తెచ్చుకుని ఊపు మీదున్నాడు, క్రిస్టీ అతన్ని పట్టుకుని నువ్వు బట్టీపట్టిన ముప్ఫై సెకన్ల స్పీచ్ తప్ప ఇంకోటి మాట్లాడలేవు అన్నాడు, దానికి జవాబుగా రూబియో ఒబామా గురించి తను అప్పుడే చెప్పిన వాక్యాన్నే మళ్ళీ చెప్పాడు, క్రిస్టీ "అదిగో మళ్ళీ" అన్నాడు, ఇంకోసారి అదే చెప్పాడు. ఆ రాత్రి చూస్తూ నేను సోఫా మీద నుంచి లేచి నిలబడ్డాను, అంత ఇబ్బందిగా ఉంది. మూడు రోజుల తర్వాత రూబియో అయిదో స్థానం. కానీ చంపినవాడూ బతకలేదు, క్రిస్టీ ఆరో స్థానంలో వచ్చి మర్నాడే తప్పుకున్నాడు. నేను పైన చెప్పిన డయల్ సంగతి ఇదే, కొట్టినవాడికి చప్పట్లు వస్తాయి, ఓట్లు పక్కన ఊరికే నిలబడ్డ వాడికి పోతాయి. ఆ రోజు పక్కన ఊరికే నిలబడ్డ వాళ్ళలో కేసిచ్ రెండో స్థానంలో వచ్చాడు.

డెమోక్రాట్లలో ఎలిజబెత్ వారెన్ కూడా అంతే. 2020 ఫిబ్రవరి 19న లాస్ వెగాస్‌లో బిలియనీర్, న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్‌ని ఆవిడ ఉతికిన ఉతుకుడు ఈ తరంలో ప్రైమరీ డిబేట్లలో నేను చూసిన అన్నిటికంటే ఘోరమైనది, దాదాపు రెండు కోట్ల మంది చూశారు, డెమోక్రాట్ల ప్రైమరీ డిబేట్లలో అది రికార్డు. ఆయన కోట్ల డాలర్లు పెట్టి కట్టుకున్న బిల్డప్ రెండు గంటల్లో కూలిపోయింది, చాలా రాష్ట్రాలు ఒకేరోజు ఓటేసే సూపర్ ట్యూస్‌డే నాడు గెలిచింది ఒక్క అమెరికన్ సమోవా అనే చిన్న దీవులు. మరి వారెన్ పెరిగిందా? లాస్ వెగాస్ ఉన్న నెవాడాలో ఎర్లీ ఓటింగ్ (ముందస్తు ఓటింగ్) 15 నుంచి 18 వరకు, డిబేట్ 19న! ఓటేసిన వాళ్ళలో ఎక్కువమంది అప్పటికే ఓటేసేశారు, డిబేట్ చూసి చప్పట్లు కొట్టడం తప్ప వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. మార్చి 4న బ్లూమ్‌బర్గ్, మార్చి 5న వారెన్, ఇద్దరూ బయటికి. చివరికి పార్టీ టికెట్ గెలిచింది బైడెన్, ఆయన ఆ రాత్రి ఏం మాట్లాడాడో మీలో ఎవరికైనా గుర్తుందా?

దూరంగా జరిగితే ఏమవుతుందో చూడాలంటే కమలా హారిస్. 2019 జూన్ 27, మయామీ, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే స్కూళ్ళలో కలపడానికి బస్సులు నడిపే పథకాన్ని ఒకప్పుడు వ్యతిరేకించాడని బైడెన్‌ని నిలదీసి "ఆ చిన్నపిల్లని నేనే" అంది. పోల్స్‌లో ఒక్కసారిగా ఎగిరింది, టీ షర్టులు కూడా అమ్మారు. నెల తర్వాత డెట్రాయిట్‌లో తోటి క్యాండిడేట్ తుల్సీ గబార్డ్ ఆవిడ ప్రాసిక్యూటర్ రికార్డు మీద పడింది, జారడం మొదలైంది, డిసెంబర్ 3న ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకుంది. అయోవాకి ఏడు నెలల ముందు వచ్చిన రియాక్షన్ అది, అన్ని నెలలు దాన్ని పట్టుకుని నిలబడటానికి కావలసిన డబ్బు, ఊళ్ళల్లో మనుషులు, ఒక క్లియర్ మాట, ఇవేవీ సరిపోలేదు. మిల్వాకీ డిబేట్ కూడా అయోవాకి దాదాపు అయిదు నెలల ముందే జరిగింది అని గుర్తుపెట్టుకోండి.

క్లిప్ ఎప్పుడు అతుక్కుంటుంది అనేదానికి అప్పటి టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ మంచి ఉదాహరణ. 2011 నవంబర్, మిషిగన్ డిబేట్, నేనొస్తే మూడు డిపార్ట్‌మెంట్లు ఎత్తేస్తానని రెండు చెప్పి మూడోది గుర్తురాక తడుముకుని తడుముకుని చివరికి "ఊప్స్" అన్నాడు. అందరం ఏదో ఒకటి మర్చిపోతాం, కానీ పెర్రీ డిబేట్లలో తడబడతాడని అప్పటికే పేరుంది, ఆ క్లిప్ ఆ పేరుకి సాక్ష్యం అయిపోయింది. మర్చిపోయిన ఆ మూడోది ఎనర్జీ డిపార్ట్‌మెంట్, ట్రంప్ వచ్చాక పెర్రీని దానికే మంత్రిని చేశాడు, రాజకీయాల్లో ఇంతకంటే కామెడీ నేను చూడలేదు. మిల్వాకీలో డిశాంటిస్‌ది కూడా ఇలాంటిదే ఒకటుంది. ట్రంప్‌కి శిక్ష పడినా మీరు సపోర్ట్ చేస్తారా చేతులెత్తండి అని అడిగినప్పుడు ఆయన ముందు అటూ ఇటూ చూసి, పక్కవాళ్ళ చేతులు లేచాక తను ఎత్తాడు. ఒకటి రెండు సెకన్ల ముక్క. డయల్ మీద అది కనపడదు, అప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు కదా. కానీ సొంతంగా నిలబడలేని మనిషి అని అప్పటికే అనుకుంటున్నవాళ్ళకి అది చాలు. "బాగా చేసింది ఎవరు" అంటే 29 శాతం తెచ్చుకున్న మనిషి గురించే ఇది.

చూసినవాళ్ళు రాత్రి అనుకున్నదీ మర్నాడు అనుకున్నదీ కూడా ఒకటి కాదు. ఇది ప్రైమరీ కాదు గానీ 1976లో అప్పటి ప్రెసిడెంట్ ఫోర్డ్‌కీ, ఆయన మీద పోటీ చేసిన కార్టర్‌కీ జరిగిన డిబేట్‌లో ఫోర్డ్ తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదన్నాడు, ఆ రాత్రే ఫోన్ చేసి అడిగితే చాలామందికి అది పెద్ద తప్పని తట్టలేదు, మర్నాడంతా టీవీ, పేపర్లు అదే వాయించేసరికి సాయంత్రానికి కార్టరే గెలిచాడన్నవాళ్ళు విపరీతంగా పెరిగిపోయారు. చూసింది మాత్రం అదే డిబేట్. ఫోకస్ గ్రూపుల్లో కూడా అందుకే డిస్కషన్ మొదలెట్టకముందే కాగితం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళని రాయమంటాం, లేకపోతే గదిలో ఒక్క గట్టిగొంతు మనిషి "వాడా, వాడు పనికిరాడు" అన్నాడంటే పక్కన ముగ్గురు తలూపుతారు, రాసిన కాగితం చూస్తే ఆ ముగ్గురిలో ఇద్దరు వాడికే మార్కులేసి ఉంటారు. మీ ఇంట్లో అందరూ కలిసి చూసినప్పుడు ఆ గట్టిగొంతు ఎవరిదో మీకే తెలుసు.

అందుకని 2028కి మీరు ఏం చూడాలంటే, ముందుగా, రియాక్షన్ ఇచ్చినవాడు ఏ రాష్ట్రం, ఓటుందా, ఆ పార్టీ ప్రైమరీలో వెయ్యగలడా. డిబేట్‌కి ముందు తర్వాత అదే మనుషుల్ని అడిగిన పోల్ ఏదైనా ఉంటే దాన్ని చూడండి, అందులో కూడా "ఎవరు గెలిచారు" వదిలేసి ఎవరి గురించి ఆలోచించేవాళ్ళు పెరిగారు, ఎవరంటే పడనివాళ్ళు పెరిగారు అన్న రెండూ చూడండి. వారం పది రోజులు ఆగి 2024లో రిపబ్లికన్లకి అయోవా, న్యూహాంప్‌షైర్ ఉన్నట్టు ఈసారి ముందు ఓటేసే రాష్ట్రాల పోల్స్ చూడండి, జాతీయ పోల్ కాదు. ఇక అందరికంటే ముందున్నవాడు డిబేట్‌కి రాకపోతే మిగతాదంతా రెండో స్థానం కోసం పోటీ అనుకుని చూడటం మంచిది, 2023-24లో అయిదు డిబేట్లు జరిగితే టీవీ జనం 1.28 కోట్ల నుంచి 95 లక్షలు, 75 లక్షలు, 40 లక్షలు, చివరికి అయోవాలోని డిమోయిన్‌లో హేలీ డిశాంటిస్ ఇద్దరే మిగిలినప్పుడు పాతిక లక్షల దాకా పడిపోయారు, అదే టైంలో ఫాక్స్‌లో ట్రంప్ టౌన్‌హాల్‌ని 40 లక్షలకు పైగా చూశారు. అయిదు రోజుల తర్వాత అయోవాలో ట్రంప్‌కి 51 శాతం. ఆ రాత్రుల్లో అసలు రియాక్షన్ ఏదన్నా ఉందంటే ఛానల్ మార్చేయడమే.

ఇండియాలో ఉండి లైవ్ చూడాలనుకునేవాళ్ళకి టైం కూడా చెప్తాను, ఇవి మామూలుగా ఈస్టర్న్ టైం రాత్రి తొమ్మిది లేదా ఎనిమిదికి మొదలవుతాయి. తొమ్మిది అయితే మనకి మర్నాడు పొద్దున ఆరున్నర, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మార్చాక ఏడున్నర. 2015లోనూ 2023లోనూ మొదటి డిబేట్ ఆగస్టులో, 2019లో డెమోక్రాట్లది జూన్‌లో జరిగింది, కాబట్టి 2027 ఎండాకాలం అయ్యేసరికి డేట్లు వచ్చేస్తాయి. చూసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి చూడండి, అయ్యాక మీకేం అనిపించిందో రెండు ముక్కలు రాసుకుని అప్పుడు గ్రూప్ ఓపెన్ చెయ్యండి, ఈసారి రెండు పార్టీలూ క్యాండిడేట్‌ని కొత్తగా ఎంచుకోవాలి కాబట్టి రెండువైపులా డిబేట్లు ఉండొచ్చు, చూడటానికి సరుకు బాగానే దొరుకుతుంది.